సుబేదారు డబుల్ బ్యారెల్, ప్లీడరు రాజ్యాంగం

2022 మే 24 సాయంత్రం అమలాపురం తగలబడింది. కొత్త జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ బయల్దేరిన జనం అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికీ, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికీ నిప్పు పెట్టారు. బస్సులు కాలాయి. రాళ్ల దెబ్బలకు పోలీసుల తలలు పగిలాయి. పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపారు. అదే రాత్రి, మన గడియారంలో పది దాటాక, అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని యువాల్డే అనే చిన్న ఊళ్లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు తుపాకీతో బళ్లోకి వెళ్లి 19 మంది పిల్లల్నీ ఇద్దరు టీచర్లనీ చంపేశాడు.

ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. కానీ రాజోలు వైపు ఒక పేటలో ఒక మేనమామ, ఒక మేనకోడలు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని వాదించుకుంటూనే ఉన్నారు. ఆయన సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యాడు. తర్వాత డబుల్ బ్యారెల్ పన్నెండు బోరుకు లైసెన్సు తీసుకుని ఒక బ్యాంకులో గన్‌మన్‌గా చేశాడు. మన వైపు మాజీ సైనికులకు తుపాకీ లైసెన్సు ఎక్కువగా ఆ దారినే వస్తుంది. ఇప్పుడు ఆ ఉద్యోగమూ అయిపోయింది, తుపాకీ మిగిలింది. ఆమె అమలాపురం కోర్టులో ప్లీడరు. ఆయన లైసెన్సు రెన్యువల్ దగ్గర రాజుకుంది మాట. నేను వినడానికే కూర్చున్నాను. ఊరుకోలేని చోట మాత్రం మధ్యలో తలదూర్చాను.

సుబేదారు: ఇన్నేళ్లు బ్యాంకు తలుపు కాశానమ్మా, ఒక్క తూటా పేల్చలేదు. ఎలక్షన్లొచ్చిన ప్రతిసారీ చెప్పిన రోజుకల్లా స్టేషన్‌లో అప్పజెప్పాను. ఇప్పుడు రెన్యువల్‌కి వెళ్తే, "ఈ వయసులో మీకెందుకండీ" అంటున్నారు. ఎందుకేంటి? మే 24 చూశాక కూడా పేటలో వాణ్ణి పట్టుకుని ఎందుకని అడుగుతారా?

ప్లీడరు: ఆ రాత్రి మీ తుపాకీ ఎక్కడుందండీ మావయ్యా?

సుబేదారు: బీరువాలో.

ప్లీడరు: మంచి పని చేశారు. బయటికి తీసుంటే ఏమయ్యేది? ఆ గుంపు రాళ్లతో, పెట్రోలు సీసాలతో వచ్చింది. ఇళ్లు కాలాయి, ప్రాణాలు పోలేదు. అదే గుంపులో పదిమంది చేతుల్లో తుపాకులుంటే మర్నాడు మనం లెక్కపెట్టుకునేది కాలిన బస్సుల్ని కాదు. యువాల్డే వాడు తుపాకీని దొంగతనంగా తేలేదండీ. పద్దెనిమిదేళ్లు నిండీ నిండగానే కొట్టుకెళ్లి, డబ్బు కట్టి, రసీదుతో కొనుక్కున్నాడు. ఒక్కడు. 21 మంది పోయారు.

సుబేదారు: ఆ కథ సగమే చెప్తున్నావు నువ్వు. మిగతా సగం నేను చెప్తాను. ఆ బడికి 370 మందికి పైగా పోలీసులొచ్చారు. లోపల పిల్లలు ఫోన్లు చేసి పిలుస్తున్నారు. బయట తల్లిదండ్రులు గోల పెడుతున్నారు. గది తలుపు తీసి లోపలికెళ్లడానికి వాళ్లకి 77 నిమిషాలు పట్టింది. అన్ని తుపాకులూ చేతిలో పట్టుకుని వరండాలో నిలబడ్డారమ్మా! పోలీసులున్నారు కదా నీకెందుకు అనేవాళ్లకి నేను చూపించేది అదే.

ప్లీడరు: నేను చూపించేదీ అదే. 370 తుపాకులు కలిసి ఒక తుపాకీని ఆపడానికి 77 నిమిషాలు పడితే, మీ పన్నెండు బోరు ఏం ఆపుతుందండీ?

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఈ ప్రశ్నకు ఇద్దరి దగ్గరా జవాబు లేదు. పోలీసు రాకపోతే ఏమిటన్నది ఆయన భయం. అందరి దగ్గరా తుపాకీ ఉంటే ఏమిటన్నది ఆమె భయం. రెండు భయాలూ ఒకే రోజు నిజమయ్యాయి, రెండు ఖండాల్లో. ఆయన చరిత్రలోకి మళ్లాడు. సైన్యంలో పనిచేసినవాళ్లకి అక్కడ కాలు నిలుస్తుంది.

సుబేదారు: సరే. అసలీ లైసెన్సు అనేదాన్ని మన మీద రుద్దిందెవరు? లిట్టన్ దొర. 1878లో. తెల్లవాడికి లైసెన్సు అక్కర్లేదు, మనవాడికి కావాలి. ఆ మరుసటి ఏడే, 1879లో, మన గోదావరి పైన రంపలో కొండవాళ్లు తిరగబడ్డారు. చిగురుపన్ను మీద మొదలైంది, ఠాణాల దాకా వెళ్లింది. 1922 ఆగస్టులో సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడ్డాడు. దేనికి? ఖజానా కోసమా? తుపాకుల కోసం. మనిషి చేతిలో ఆయుధం లేకుండా చేస్తే వాడు ప్రజ కాదమ్మా, పాలేరు. అహింస అన్న గాంధీగారే, ఒక జాతి చేతిలోంచి ఆయుధం లాక్కోవడాన్ని తెల్లదొరల పాపాల్లో పెద్దదిగా లెక్కగట్టారు.

ప్లీడరు: కాంగ్రెస్ కూడా అదే అంది మావయ్యా. 1928లో నెహ్రూ రిపోర్టు, 1931లో కరాచీ తీర్మానం, రెండింట్లోనూ నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు పౌరుడికి ఉండాలని రాసుకున్నారు.

సుబేదారు: చూశావా మరి! అది రాజ్యాంగంలోకి రాకుండా అడ్డుపడిందెవరు?

ప్లీడరు: బాబాసాహెబ్.

సుబేదారు: ఏంటీ?

ప్లీడరు: 1948 డిసెంబరు మొదట్లో, ఇప్పుడు మనం 19వ అధికరణ అంటున్నదాన్ని రాజ్యాంగ సభ చర్చిస్తోంది. హెచ్.వి. కామత్ లేచి, కరాచీలో మనమే ఒప్పుకున్నాం కదా, ఆయుధం ఉంచుకునే హక్కు కూడా చేర్చండి అని సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. నేరమే వృత్తిగా ఉన్నవాడికి కూడా ఆ హక్కు ఇద్దామా అని ఎదురడిగారు. ఆయుధం విషయంలో మనం పట్టుబట్టాల్సింది హక్కు గురించి కాదు, దేశానికి అవసరమొస్తే పట్టాల్సిన బాధ్యత గురించి అన్నారు. సవరణ వీగిపోయింది. చివరికి 19లో మిగిలిందేంటో తెలుసా? గుంపుగా చేరే హక్కుంది, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా. ఆయుధం అన్న మాట అక్కడ వచ్చిందల్లా వద్దు అని చెప్పడానికే. ఏ పేరు వద్దని అమలాపురం తగలబెట్టారో ఆ పేరున్న మనిషే, ఆ గుంపు చేతిలో తుపాకీ లేకుండా చేసి మనల్ని కాపాడాడు.

సుబేదారు గారింట్లో గోడ మీద బాబాసాహెబ్ పటం ఉంది. ఆయన దానివైపు చూడలేదు, మేనకోడలివైపే చూశాడు. ఈ సంగతి ఆయనకు కొత్త. నాకూ ఈమధ్య దాకా కొత్తే. మన దగ్గర అంబేడ్కర్ విగ్రహాలున్నన్ని ఊళ్లలో ఆయన రాజ్యాంగ సభ ప్రసంగాల పుస్తకాలు లేవు.

సుబేదారు: బాబాసాహెబ్ నాన్నగారు కూడా సుబేదారే, తెలుసా నీకు? సైన్యంలో చేశాడు కాబట్టి కొడుకుని చదివించగలిగాడు. 1892లో తెల్లవాడు మహార్లని సైన్యంలోకి తీసుకోవడం మానేశాడు. ఆ తలుపు మళ్లీ తెరిపించడానికి వాళ్లు ఎన్ని అర్జీలు పెట్టుకున్నారో చదువుకో. తుపాకీ పట్టిన చెయ్యిని ఊళ్లో అంటరాని చెయ్యి అనడానికి నోరు రాదు. అది నేను అనుభవించినవాణ్ణి. యూనిఫారంలో దిగితే ఒక చూపు, లుంగీలో తిరిగితే ఒక చూపు.

ప్లీడరు: ఆ గౌరవం తుపాకీది కాదండీ, యూనిఫారంది. దాని వెనక రాజ్యం ఉంది. ఆయన బాధ్యత అన్నది దాన్నే.

సుబేదారు: యూనిఫారం విప్పాక రాజ్యం ఎక్కడుంటుంది? కారంచేడులో ఎక్కడుంది 1985లో? చుండూరులో ఎక్కడుంది 1991లో? కారంచేడులో ఆరుగురు, చుండూరులో ఎనిమిది మంది. గొడ్డళ్లతో, బరిసెలతో నరికారు. చుండూరులో పోలీసులు ఊళ్లోనే ఉన్నారమ్మా, ఆ మాట మర్చిపోకు. ఆ పేటలో రెండు డబుల్ బ్యారెళ్లుంటే అంత మంది చచ్చేవాళ్లా?

ప్లీడరు: రెండు వైపులా హక్కు ఇచ్చాక పేటలో రెండుంటాయి, ఊళ్లో ఇరవై ఉంటాయి. తుపాకీ ఖరీదెంతో, తూటా ఖరీదెంతో మీకు తెలుసు. హక్కు అందరికీ ఇస్తారు, కొనగలిగేవాడు కొంటాడు. కారంచేడులో గొడ్డళ్ల బదులు రైఫిళ్లుంటే ఆరుగురితో ఆగేదా?

ఇక్కడ నేను కల్పించుకున్నాను. ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారనిపించింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో నియమావళి వచ్చింది. అందులో మూడో నియమం చదవండి అన్నాను. దాడులు జరిగే ప్రమాదమున్న ప్రాంతాల్ని ప్రభుత్వం ముందే గుర్తించాలి. అవసరమనిపిస్తే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల తుపాకీ లైసెన్సులు రద్దు చేయాలి. వాళ్ల దగ్గరి బంధువులవి, పాలేర్లవి, స్నేహితులవి కూడా రద్దు చేసి, ఆ ఆయుధాల్ని ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. లైసెన్సు లేని తుపాకుల్ని స్వాధీనం చేసుకోవాలి. ప్రాణానికీ ఆస్తికీ రక్షణ కోసం అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వాలి.

సుబేదారు: ఇది నిజంగా రాసుందా?

ప్లీడరు: ఉంది మావయ్యా. కోర్టులో ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

సుబేదారు: ఇంకేం మరి! నేనన్నదే కదా చట్టం అంటోంది!

ప్లీడరు: కాదండీ. బాగా చూడండి. మొదటి పని ఏమిటి? ప్రమాదమున్న చోటు గుర్తించడం. తర్వాత? బలవంతుడి చేతిలోది తీసేయడం. మీకు ఇవ్వడం ఆఖర్న. అదీ "అవసరమనుకుంటే". ముందు రాజ్యం రావాలి అంటోంది చట్టం. మీరు ఆఖరి వాక్యం దగ్గర మొదలుపెడుతున్నారు.

సుబేదారు: మొదటి వాక్యం దగ్గర ఎవరూ మొదలుపెట్టరు కాబట్టి!

సంవాదం అంతా ఈ రెండు మాటల్లోనే ఉందని నాకనిపించింది. మిగతాది కోర్టు తీర్పులు, పార్లమెంటు చట్టాలు. వాటినీ వదల్లేదు ఇద్దరూ.

సుబేదారు: 2019 సంగతి చెప్పు. అప్పటిదాకా మనిషికి మూడు తుపాకులుండొచ్చు. కేంద్రం బిల్లు తెచ్చి ఒక్కటే అంది. ఎంపీలు అభ్యంతరం చెప్తే రెండు దగ్గర ఆగింది. నాకున్నది ఒకటే, నాకొచ్చిన నష్టం లేదు. కానీ మూడోది ఏడాది లోపు అప్పజెప్పమనడం ఏ లెక్కన? ఒక తుపాకీతో తప్పు చెయ్యనివాడు మూడింటితో చేస్తాడా? లైసెన్సున్నవాడు చేసే నేరాలెన్ని, నాటు తుపాకీ వాడు చేసేవెన్ని? పట్టుకోవాల్సినవాణ్ణి వదిలేసి, లైసెన్సు కాగితంతో దొరికేవాణ్ణి పట్టుకుంటారు.

ప్లీడరు: ఆ ముక్కలో నిజముంది, కాదనను. 2017 నాటి స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా ప్రకారం మన దేశంలో పౌరుల దగ్గర ఏడు కోట్లకు పైగా తుపాకులుంటే, కోటి కూడా నమోదు కాలేదు. కానీ అదే 2019 చట్టం దొంగ తయారీకీ అమ్మకానికీ శిక్షను ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పెంచింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాల్లోకి పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా అంది. మీ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లు చేసింది. అది మీకు లాభమే.

సుబేదారు: గాల్లోకా? 2022 ఆగస్టులో మహబూబ్‌నగర్ ఊరేగింపులో తెలంగాణ మంత్రి పోలీసు తుపాకీ తీసుకుని గాల్లోకి పేల్చాడుగా. రబ్బరు తూటాలన్నాడు, అయిపోయింది.

ప్లీడరు: అందుకే ఇంకా గట్టిగా ఉండాలంటాను. హక్కు అంటే మాత్రం సుప్రీంకోర్టు ఒప్పుకోదు. 2023 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ కేసొకటి వింటూ జస్టిస్ కె.ఎం. జోసెఫ్, జస్టిస్ నాగరత్న, అమెరికాలోలాగా మన రాజ్యాంగంలో ఆయుధం ప్రాథమిక హక్కు కాదని గుర్తుచేశారు. అంతకు ముందు 1993లో అలహాబాద్‌లో జస్టిస్ కట్జూ, 21వ అధికరణలోని జీవించే హక్కులో ఆయుధం ఉంచుకునే హక్కు కూడా ఉందన్నారు. అదే హైకోర్టు ఫుల్ బెంచ్ దాన్ని నిలబెట్టలేదు.

సుబేదారు: కొడవల సంగతి? కూర్గులో వాళ్లకు లైసెన్సే అక్కర్లేదు. 2021లో కర్ణాటక హైకోర్టు సై అంది. సిక్కులకు కిర్పాన్ 25వ అధికరణలోనే ఉంది. వాళ్లకున్న పౌరుషం మనకు లేదా?

ప్లీడరు: కొడవలకు ఆ మినహాయింపు ఇచ్చింది తెల్లదొరలే మావయ్యా, ఇందాక మీరు తిట్టిన దొరలే. అదీ కేంద్రం ఇచ్చిన గడువు దాకానే, 2029 అక్టోబరు వరకు. హక్కు అయితే గడువుంటుందా?

సుబేదారు: ఇంకొకటి. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఆత్మరక్షణ హక్కుందంటావు. హక్కు ఇచ్చి ఆయుధం ఇవ్వకపోతే ఎలా? ఈదుకో అని గోదాట్లోకి తోసి, నీళ్లు మాత్రం తోడేసినట్టుంది.

నవ్వొచ్చింది నాకు. ఆమెకూ వచ్చింది. జవాబు మాత్రం రాలేదు. రావాల్సింది. ఆత్మరక్షణ హక్కు దాడి జరిగే క్షణానిది, లైసెన్సు ఏడాది పొడుగూ ఇంట్లో ఉండే వస్తువుది, రెండూ ఒకటి కావు అని ఆమె చెప్పొచ్చు. తర్వాత దారిలో అదే చెప్పింది.

అమెరికా గురించి ఎక్కువసేపు మాట్లాడుకోలేదు. ఆమె తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. 2023 మే 6న దగ్గర్లోని అలెన్ ఊళ్లో మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు. అందులో ఒకరు తెలుగమ్మాయి. ఆ రోజు తమ్ముడు ఫోన్ ఎత్తేదాకా ఇంట్లో అందరికీ కాళ్లు చేతులు ఆడలేదు. 2017లో కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో బార్‌లో తెలుగు ఇంజినీర్ని కాల్చి చంపింది మనకు గుర్తుంది. యువాల్డే తర్వాత నెల తిరిగేసరికి, 2022 జూన్ 25న, అక్కడ కొత్త చట్టం మీద బైడెన్ సంతకం పెట్టాడు. 21 ఏళ్ల లోపు వాళ్లు కొనేటప్పుడు విచారణ ఎక్కువ చేయాలన్నది అందులో ముఖ్యమైనది. సరిగ్గా రెండు రోజుల ముందు, జూన్ 23న, వాళ్ల సుప్రీంకోర్టు ఇంటి బయట కూడా తుపాకీ వెంట పెట్టుకోవడం రాజ్యాంగ హక్కని తీర్పిచ్చింది. 1791 నాటి సవరణ అది. రాజ్యాంగంలో ఒకసారి రాసుకున్న హక్కును పిల్లల శవాలు కూడా కదిలించలేవు. 1948లో కామత్ సవరణ నెగ్గి ఉంటే మన పార్లమెంటు 2019లో మూడును రెండు చేయడానికి కూడా కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చేది.

సుబేదారు: అయితే నా రెన్యువల్ సంగతేంటి? హక్కు కాదన్నావు. మరి దయా? ఎవరో సంతకం పెట్టే ఆయన మూడ్ మీద ఆధారపడేదా?

ప్లీడరు: అదీ కాదు. ఆయుధ చట్టం 14వ సెక్షన్ చూడండి. ఆస్తి లేదని లైసెన్సు నిరాకరించకూడదు. నిరాకరిస్తే కారణం రాతలో పెట్టాలి, అడిగితే ఇవ్వాలి. "ఈ వయసులో ఎందుకండీ" అనేది కారణం కాదు, కాగితం మీద లేదు. రాసిమ్మనండి. రాశాక 18 కింద అప్పీలు వేద్దాం. ఫీజు అడగనులే.

సుబేదారు: నువ్వే వద్దంటావు, నువ్వే వాదిస్తానంటావు!

ప్లీడరు: తుపాకీ తరఫున కాదండీ. కాగితం తరఫున.

వింటున్న నాకు ఏ పక్షమో చెప్పక తప్పదు. హక్కు విషయంలో ప్లీడరుదే పైచేయి. కోనసీమలో ప్రతి పొలం గట్టు తగాదాకూ, ప్రతి ఫ్లెక్సీ గొడవకూ బీరువాలో తుపాకీ ఎదురుచూస్తూ ఉంటే ఈ జిల్లా బతకలేదు. కానీ ఆ మాట అని ఊరుకోవడం పేటలో ఉండేవాడికి మోసం. తుపాకీ వద్దు, రాజ్యం ఉంది అని 1948లో రాసుకున్నాం. ఆ రాజ్యం వచ్చి నిలబడే వరకూ సుబేదారు ప్రశ్న తప్పుకాదు.

అందుకని మూడో నియమాన్ని మొదటి వాక్యం దగ్గరే మొదలుపెట్టించాలి. ఆ 1995 నియమాల్లోనే 17వది ఉంది. ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి. కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలి. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంది, ప్రమాదమున్న ఊళ్లని ఎన్నింటిని గుర్తించింది, వాటిల్లో ఎవరెవరి లైసెన్సులు పరిశీలించింది అని సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ పెట్టండి. అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో ఎవరైనా పెట్టొచ్చు. ఫీజు పది రూపాయలు.